ఒక్కటి గూడ తేలలే

మా కైకలూరులో "చేప తేలింది" అంటే చచ్చిందని కాదు. నీళ్ళలో గాలి చాలక పైకొచ్చి, నోరు తెరుచుకుని కొట్టుకుంటోందని. ఆ మాట చెరువు గట్టు మీద వినిపిస్తే మా నాన్న తింటున్న కంచం వదిలేసి పరిగెత్తేవాడు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పేవాళ్ళు, పక్క కాలవలోంచి ఇంజను పెట్టి కొత్త నీళ్ళు తోడేవాళ్ళు. గంటలోపు చూసుకుంటే చేప మళ్ళీ కిందికి దిగేది. తేలినదాన్ని కాపాడుకోవచ్చు. చచ్చినదాన్ని మేము తేలిందనం, పోయిందంటాం.

సృజన్‌ది సిరిసిల్ల దగ్గర పల్లె. వాళ్ళకి తేలడమంటే చచ్చి, ఉబ్బి, తెల్లటి పొట్ట పైకి పెట్టుకుని ఒడ్డుకి కొట్టుకురావడం. మాట ఒకటే, అర్థాలు రెండు. ఆ తేడా వల్లే డెబ్భై వేల సాల్మన్ చేపలు పోయాయని చాలా రోజులు చెప్పుకుంటూ వచ్చాను. ఎవరికి చెప్పాను అంటే, నాకు నేనే. స్కాట్లండ్‌లో తెలుగు మాటల మధ్య తేడాలు వినే ఓపిక ఎవరికుంది?

నా పేరు మధులిక. కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన ఒక పాయలో సాల్మన్ ఫారం ఉంది. నీళ్ళలో పన్నెండు గుండ్రటి వలలు, ఒక్కో వలలో యాభై వేల చేప. వాటి ఆరోగ్యం చూడటం నా ఉద్యోగం. చేరి ఐదేళ్ళు కావస్తోంది. నేను చూసిన మొదటి సెప్టెంబరులో నీళ్ళు పదమూడు డిగ్రీలు ఉండేవి. ఈసారి పదహారు దాటాయి. మనకి పదహారంటే స్వెటర్ వెతుక్కునే చలి. సాల్మన్‌కి మాత్రం అది ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఇక్కడివాళ్ళు ఎండ కాసిందని సంబరపడి చొక్కాలు విప్పి బీచుల్లో పడుకుంటారు. నాకు ఆ సంబరం చూస్తే ఒళ్ళు మండుతుంది.

నీళ్ళు వేడెక్కితే మొదట పెరిగేవి పేలు. అవును, చేపలకీ పేలుంటాయి, గోరంత ఉంటాయి, చర్మం తిని మాంసం దాకా వెళ్తాయి. తర్వాత వచ్చేవి జెల్లీఫిష్. పెద్దవైతే కనిపిస్తాయి గదా, ఇవి సగ్గుబియ్యం గింజంత ఉంటాయి. వలలోంచి దూరి, చేప మొప్పల్లోకి పోయి కుట్టేస్తాయి. మొప్పలు పాడైతే నీళ్ళలో ఆక్సిజన్ ఎంతున్నా చేప పీల్చుకోలేదు. మీటరు మాత్రం అంతా బాగుందనే చెబుతుంది. అందుకే మీటరుతో పాటు కళ్ళు కూడా కావాలి. ఆ కళ్ళ పేరు మీదే నాకు జీతం ఇస్తున్నారు.

సృజన్ నా దగ్గర చేరి పది నెలలు. వాడు మాస్టర్స్ చేసింది సస్టైనబిలిటీలో. సముద్రం ఇరవై ఏళ్ళలో ఎంత వేడెక్కిందో చక్కటి గ్రాఫు గీసిపెడతాడు, చేప మొహం చూసి దానికి బాగుందో లేదో మాత్రం చెప్పలేడు. "నీకు చేప కంటే ఎక్సెల్ షీటే బాగా ఈదుతుందిరా" అని ఆటపట్టించేదాన్ని. వాడు నవ్వేసి, నేను చెప్పిన ప్రతి ముక్కా చిన్న నోట్‌బుక్కులో రాసుకునేవాడు. పేలు లెక్కపెట్టడం, నీళ్ళు కొలవడం, అంకెలు ఎక్కించడం వాడి పని. వాడి ఉద్యోగం కోసం మేనేజర్ యూవన్ దగ్గర పోరాడింది నేనే. జూలైలో కంపెనీ వాడికి వీసా స్పాన్సర్‌షిప్ ఇచ్చిన రోజు వాడు మా ఫ్లాట్‌కి స్వీట్ బాక్స్ పట్టుకుని మూడు మైళ్ళు వానలో నడిచి వచ్చాడు. "నువ్వు లేకుంటే నేను వాపస్ పోతుంటి అక్కా" అన్నాడు. ఆ మాటకి నాకు ఎంత సంతోషం కలిగిందో దాచుకోను. ఒకడికి నేను దిక్కయ్యానంటే ఎవరికి గర్వంగా ఉండదు?

మేమిద్దరం పనిలో తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం. హ్యాండ్‌బుక్కులో పని విషయం ఏదైనా ఇంగ్లీషులోనే ఉండాలని రాసి ఉంది, దాని కింద ఇద్దరం సంతకాలు కూడా పెట్టాం. కానీ రోజంతా గాలిలో, ఉప్పునీళ్ళలో, యూవన్ యాసలో నానిపోయిన చెవులకి నాలుగు తెలుగు మాటలు వినపడితే ప్రాణం లేచొచ్చేది.

సెప్టెంబరు రెండో వారంలో పేలు హద్దు దాటాయి. మూడు, నాలుగు నంబరు వలలకి వైద్యం చేయాలన్నారు. ఆ వైద్యం ఇలా ఉంటుంది: మూడు రోజుల ముందు నుంచే మేత ఆపేస్తారు, తర్వాత ఒక పెద్ద పడవ వస్తుంది. చేపల్ని గొట్టంతో పీల్చి, అర నిమిషం వేడినీళ్ళలో ముంచి, ఇంకో గొట్టంలోంచి మళ్ళీ వలలో పోస్తుంది. పేను రాలిపోతుంది, చేప బతుకుతుంది. మొప్పలు బాగున్న చేపే బతుకుతుంది. అందుకని పడవ మొదలెట్టే ముందు నేను వలల దగ్గర నిలబడి, చూసి, ఒక ఫారం నింపాలి. అందులో ఆరో ప్రశ్న, చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయా అని. అవునని నొక్కితే పడవ ఆగాల్సిందే.

పడవ గురువారం వస్తుందన్నారు. తీరం పొడవునా అన్ని చేపల ఫారాలకీ పేలే, పడవ ఒక్కటే, శుక్రవారానికల్లా ఇంకోచోటికి పోవాలి. నాకేమో అదే గురువారం పదకొండింటికి గ్లాస్గోలో పరీక్ష. ఈ దేశంలో శాశ్వతంగా ఉండనివ్వాలంటే ఈ దేశం గురించి మనకి తెలుసని రుజువు చేసే పరీక్ష అది. నవంబరుకి నా ఐదేళ్ళు నిండుతాయి. ఆ తేదీ పోగొట్టుకుంటే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో. వైద్యం జరిగే వారంలో సెలవు అడగకూడదు. అడిగితే యూవన్ మొహం ఎలా పెడతాడో నాకు తెలుసు. అడగలేదు.

బుధవారం సాయంత్రం, పడవలు ఆగే పీయర్ మీద సృజన్‌ని పక్కకి పిలిచాను.

"రేపు నేను ఊళ్ళో ఉండనురా. పొద్దున్నే బస్సుకి వెళ్ళి, మూడింటికల్లా వచ్చేస్తా. ఎవరికీ చెప్పకు."

"మరి ఫారం ఎట్లక్కా?"

"ఫోన్లో నేను నింపుతాగా. నువ్వు వలల చుట్టూ తిరిగి, చేపలు తేలాయో లేదో చూసి వాయిస్ మెసేజ్ పెట్టు, చాలు."

"తేలినయా లేవా సూడాలె. గంతేనా?"

"అంతే."

"యూవన్ అడిగితె?"

"ఒడ్డు మీది ఆఫీసులో ఉన్నానని చెప్పు. నువ్వున్నావుగా, నాకేం భయం."

వాడు నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు. ఏం రాశాడో తర్వాత చూశాను. "తేలినయా లేవా" అని ఉంది.

గ్లాస్గోలో పరీక్ష సెంటరు రెండో అంతస్తులో ఉంది. లోపలికి వెళ్ళే ముందు ఫోన్లు, వాచీలు, పర్సులు లాకర్లో పెట్టించుకుంటున్నారు. నా ముందు ఇద్దరున్నారు. పది నలభై ఒకటికి సృజన్ మెసేజ్ వచ్చింది. పందొమ్మిది సెకన్లు అని చూపించింది. చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అక్కా, ఒక్కటి గూడ తేలలే."

ప్రాణం కుదుటపడింది. లాకర్ దగ్గరి అమ్మాయి "ఫోన్ ఆఫ్ చేయాలి" అని చెయ్యి చాచింది. మెసేజ్ అక్కడికే ఆపేసి, "కానివ్వు" అని టైప్ చేసి పంపాను. ఫారం తెరిచి ఆరో ప్రశ్నకి కాదు అని నొక్కి, కింద నా పేరు కొట్టి, ఫోన్ ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు.

పరీక్షలో ఇరవై నాలుగు ప్రశ్నలు. ఏ రాజుకి ఎంతమంది పెళ్ళాలు, ఏ యుద్ధం ఏ సంవత్సరంలో అయింది, ఇలాంటివే. రాత్రింబవళ్ళు బట్టీ పట్టాను గనుక గబగబా పూర్తిచేశాను. పాసయ్యానని కాగితం ఇచ్చారు. లాకర్లోంచి ఫోన్ తీసి ఆన్ చేస్తే సృజన్‌వి పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. యూవన్‌ది ఒకటి.

తిరుగు బస్సులో మూడు గంటలు. ఫోన్ ఎత్తితే సృజన్ ఏడుపులో మాటలు తెలియలేదు. చేపలు గొట్టంలోంచి బయటికొచ్చినవి వచ్చినట్టే పక్కకి ఒరిగిపోతున్నాయని మాత్రం అర్థమైంది. మూడో వల మొత్తం అయిపోయి, నాలుగోది సగమయ్యాక గానీ పడవ ఆగలేదట. ముందు నాకు భయమేసింది. తర్వాత కోపం వచ్చింది, అదీ సృజన్ మీద. పక్కనే నిలబడి ఏం చూశాడు వీడు అని పళ్ళు కొరికాను. నేను వలల దగ్గర లేనన్న సంగతి నాకు ఆ మూడు గంటల్లో ఒక్కసారి కూడా గుర్తు రాలేదంటే నమ్మండి.

ఊరి బస్‌స్టాప్‌లో దిగాక, పీయర్‌కి వెళ్ళకుండా కాసేపు బెంచీ మీద కూర్చున్నాను. వాడు ఏం చెప్పాడో మళ్ళీ విందామని మెసేజ్ పెట్టాను. ఈసారి మొత్తం విన్నాను.

"అక్కా, ఒక్కటి గూడ తేలలే. గని మూడు, నాలుగు నంబర్లల్ల అన్ని మీదికొచ్చినయ్, నోర్లు తెరుస్తున్నయ్. మీటర్ల ఆక్సిజన్ మంచిగనే ఉన్నది. మూడు దినాల సంది మేత వెయ్యలే గద, ఆకలైతున్నదేమో. పడవోళ్ళు షురూ జేస్తమంటున్నరు. నువ్వొచ్చేదాంక ఆగుమందునా?"

ఆ ప్రశ్నకి నేనిచ్చిన జవాబు దాని కిందే ఉంది. కానివ్వు.

నాలుగు రోజులు చచ్చినవాటిని తీయడమే పనైపోయింది. చచ్చిన సాల్మన్ వెంటనే తేలదు, వల అడుక్కి దిగిపోతుంది. దాన్ని పంపుతో పైకి లాగి, పెద్ద పెద్ద డబ్బాల్లో పోసి, కుళ్ళకుండా యాసిడ్ కలపాలి. డ్యూటీల జాబితా ప్రకారం సృజన్‌కి ఆ పని లేదు, వాడే అడిగి వేసుకున్నాడు. మోచేతుల దాకా జిగురు, కనుబొమ్మల మీద పొలుసులు. ఇంకా బతికున్న చేపలు డబ్బాల్లో తోకలు కొట్టుకుంటుంటే వాడు ఒక్కోదాన్నీ పైకి తీసి, చెక్కతో తల మీద కొట్టి, మళ్ళీ వేసేవాడు. "ఎందుకురా, ఎలాగూ పోయేవేగా" అన్నాను. "గోస వడ్తున్నయ్ అక్కా" అన్నాడు. రెండో రోజుకి వాడి అరిచేతులు బొబ్బలెక్కాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే వెళ్ళలేదు.

వాడి మొహం చూడాలంటే నాకు అసహ్యం పుట్టేది. తప్పు చేసినవాడు బాధపడితే చూడొచ్చు. వాడు తప్పు చేయకుండా బాధపడుతున్నాడు, అది తట్టుకోవడం నావల్ల కాలేదు.

మూడో రోజు ఎవరో పర్యావరణం వాళ్ళు డ్రోన్ ఎగరేశారు. డబ్బాల నిండా చేపల వీడియో టీవీలో వచ్చింది. మా చేప కొనే సూపర్‌మార్కెట్టు వాళ్ళు రెండు ప్రశ్నలు పంపారు: ఎందుకు చచ్చాయి, ఎవరు చూశారు. మొదటిదానికి కంపెనీ పేపర్లకి జవాబిచ్చింది, సముద్రం ఎన్నడూ లేనంత వేడెక్కడం, జెల్లీఫిష్ దండు రావడం కారణమని. అందులో అబద్ధం లేదు. రెండోదానికి ఒక పేరు కావాలి. పడవని ఆపకుండా తొందరపెట్టింది యూవన్, కాబట్టి ఆ పేరు తనది కాకూడదని అతనికి బాగా తెలుసు. ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి, "నీ ఫారంలో కాదు అని ఉంది. నీకు ఎవరు చెప్పారు?" అని మర్యాదగానే అడిగాడు. నేను వలల దగ్గర ఉన్నానా లేదా అని అడగలేదు. ఆ ప్రశ్న అడిగితే తనకీ ఇబ్బందే. "సృజన్" అన్నాను.

ఆ మధ్యాహ్నం వాడిని నా కార్లో కూర్చోబెట్టుకున్నాను. బయట వాన. వాడి ఒంటి నుంచి చేపల వాసన కారంతా కమ్ముకుంది.

"రేపు నిన్ను పిలుస్తారు. ఆరో ప్రశ్న గురించి అడుగుతారు. ఏం చెప్తావ్?"

"నీకు మెసేజ్ వెట్టిన గదక్కా. అదే ఇనిపిస్త."

"ఏ భాషలో పెట్టావు?"

వాడు అద్దం మీద కారుతున్న వాననీళ్ళ వైపు తిరిగాడు.

"హ్యాండ్‌బుక్కులో సంతకం పెట్టావుగా. తెలుగులో పెట్టావని తెలిస్తే ముందు దానికే నిన్ను తీసేస్తారు. నన్నూ తీసేస్తారు. ఇద్దరం పోతే నీ తరఫున మాట్లాడేవాళ్ళెవరురా ఇక్కడ?"

"మీదికొచ్చినయని చెప్పిన గదక్కా నీకు."

"నువ్వు ముందు ఏమన్నావు? ఒక్కటి కూడా తేలలేదన్నావు. మా వైపు తేలడమంటే అదేరా, పైకొచ్చి నోరు తెరవడం. నేను అడిగిందే అది. నువ్వు లేదన్నావు."

వాడు నా వైపు తిరిగి చూశాడు.

"అయ్యో. నాకు ఎర్కలేదక్కా. తేలుడంటే సచ్చినయనుకున్న." తల వంచుకుని, "అంటే తప్పు నాదే" అన్నాడు.

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. నవంబరు గుర్తొచ్చి మింగేశాను.

"ఎవరి తప్పని కాదు. మంచు పట్టి ఉంది, సరిగ్గా కనపడలేదని రాసివ్వు. కొత్తవాడివి, మొదటిసారి. వార్నింగ్ ఇచ్చి వదిలేస్తారు. యూవన్‌తో నేను మాట్లాడతా."

"నాకు కనవడ్డయ్ గదక్కా."

"తెలుసురా. రాయి."

రాశాడు. ఇంగ్లీషులో, తప్పుల్లేకుండా, గుండ్రటి అక్షరాలతో. కింద సంతకం పెట్టి నాకే ఇచ్చాడు, ఒకసారి చూడమని. ఒక కామా సరిచేసి తిరిగిచ్చాను.

ఇక్కడి పద్ధతి ప్రకారం విచారణకి పిలిచినప్పుడు ఎవరినైనా తోడు తెచ్చుకోవచ్చు. వాడు నన్ను తెచ్చుకున్నాడు. హెచ్.ఆర్. ఆవిడ స్క్రీన్ మీద బెల్‌ఫాస్ట్ నుంచి మాట్లాడింది. చేపలు పైకొచ్చాయని సృజన్ నీకు చెప్పాడా అని నన్నడిగింది. "ఒక్కటి కూడా లేదని చెప్పాడు" అన్నాను. వాడు పక్కనే కూర్చుని, అవునన్నట్టు తలూపాడు. వాడు కష్టపడి పనిచేస్తాడని, మంచివాడని కూడా చెప్పాను. ఆవిడ అది కూడా రాసుకుంది. అరగంటలో వాడి ఉద్యోగం పోయింది. స్పాన్సర్‌షిప్ రద్దయినట్టు ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చాక ఇంకో కంపెనీ దొరకడానికి అరవై రోజుల గడువు ఉంటుంది, దొరక్కపోతే దేశం వదలాలి.

బస్సెక్కించడానికి నేనే తీసుకెళ్ళాను. వెంబ్లీలో ఐదుగురు తెలుగు కుర్రాళ్ళు ఉండే రూములో చోటిస్తామన్నారట. వాడి రైస్ కుక్కర్ నాకిచ్చాడు, మోయలేనని. వాళ్ళమ్మ పంపిన మామిడికాయ తొక్కు సగం సీసా కూడా ఇచ్చాడు. ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. "యూవన్‌తోటి మస్తు కొట్లాడినవట గదక్కా నా గురించి" అన్నాడు. ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేను కొట్లాడలేదు. అవునని కూడా అనలేదు, కాదని కూడా అనలేదు. బస్సు తలుపు మూసుకుంది.

అక్టోబరులో ఇంకో రెండు పాయల్లో చేపలు చచ్చి ఫారాలు ఖాళీ అయ్యాయి. అక్కడ ఎవర్నీ తీసేయలేదు. తప్పు సముద్రం మీదకి తోసేసి చేతులు దులుపుకున్నారు. అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఒక్క నెల ఆగి ఉంటే సృజన్‌ది కూడా సముద్రం ఖాతాలోకే పోయేది. వాడి ఖర్మ, ముందు మా చేపలు చచ్చాయి. ఇలా అనుకుంటే కొంచెం తేలికగా ఉండేది.

నవంబరు ఇరవై మూడున నాకు శాశ్వత అనుమతి వచ్చింది. మెయిల్ మూడుసార్లు చదువుకుని, సాయంత్రం సేమ్యా పాయసం చేస్తున్నాను. సృజన్ ఫోన్ చేశాడు. వాడి గడువుకి ఇంకా పది రోజులున్నాయి. అప్పటికి నలభై కంపెనీలకి అప్లికేషన్లు పెట్టాడు, స్పాన్సర్‌షిప్ అనగానే ఎవరూ జవాబివ్వడం లేదు.

"అక్కా, ఒక్కటి దొరికింది. స్విండన్ దగ్గర ట్రౌట్ చేపల ఫారం. ఇంటర్వ్యూకి రమ్మన్నరు. స్పాన్సర్ గూడ జేస్తరట."

"మంచిదిరా. బాగా చెయ్యి."

"ఒక్క ముచ్చట అడగాలె నిన్ను. కోపం జెయ్యవ్ గద?"

గరిటె పక్కన పెట్టాను.

"ఆ దినం నా మెసేజ్ ఇన్నవ్ గద. మైకు గుర్తు నీలం రంగు అయ్యింది, నేను సూసిన. మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయని నేను జెప్పిన. నువ్వు కానివ్వు అన్నవ్. రెండు నెలల సంది సోచాయిస్తున్న. నువ్వు చిన్నప్పటిసంది చేపల నడుమ వెరిగినదానివి. నువ్వు కానివ్వు అన్నవంటే ఏదో కారణముంటది. గదేందో నాకు సమజైతలేదు. ఇంటర్వ్యూల అడిగితె జెప్పాలె గద. జర జెప్పవా అక్కా?"

వాడి గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని చెవులు రిక్కించి విన్నాను. లేదు. వాడు నేర్చుకుందామని అడుగుతున్నాడు. అవతల నోట్‌బుక్కులో కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

వినలేదురా, నాలుగు సెకన్లే విన్నాను, ఊళ్ళో లేను, పరీక్ష కోసం పోయాను అని చెప్పవచ్చు. నా చేతిలో శాశ్వత అనుమతి ఉంది. ఇప్పుడు నన్నెవరూ ఏమీ చేయలేరు. అయినా చెప్పలేకపోయాను. వాడొక్కడే ఈ దేశంలో నన్ను గొప్పదాన్ననుకునేవాడు. వాడి కళ్ళలో కూడా పడిపోతే నాకేం మిగులుతుంది? అంత చిన్న సంగతికి, అంత పెద్ద అబద్ధం ఆడాను. సిగ్గుగా ఉంది, కానీ ఆడాను.

"పైకొచ్చి నోరు తెరిస్తే ఆకలని అర్థంరా. మేత ఆపితే సాల్మన్ అయినా ట్రౌట్ అయినా అలాగే చేస్తుంది. దానికి పనెందుకు ఆపడం? మీటరులో ఆక్సిజన్ బాగుంటే చాలు, ముందుకు పోవచ్చు. నువ్వు ఆరోజు సరిగ్గానే అనుకున్నావు. చచ్చింది వేడినీళ్ళ పొరపాటు వల్ల."

"నేను అనుకున్నది రైటేనా?" వాడి గొంతు వెలిగింది. "ఆగు, ఆగు, రాసుకుంటున్న. మీటరు మంచిగుంటె... ముందుకు పోవచ్చు."

"ఊఁ."

"రెండు నెలల సంది నిద్ర లేదక్కా. ఇయ్యాల పంటా."

పాయసం అడుగంటింది. గిన్నె సింకులో వేసి నీళ్ళు వదిలాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వాడి వాయిస్ మెసేజ్ వచ్చింది. నలభై మూడు సెకన్లు. వలల దగ్గర నిలబడి ఉన్నాను. చేతి తొడుగు తీసి, గాలి తగలకుండా ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను. ఈసారి చివరిదాకా విన్నాను.

"అక్కా, ఇప్పుడే బయటికొచ్చిన. ముగ్గురు కూసున్నరు. అన్ని మంచిగ జెప్పిన. ఆఖరుకు పెద్దాయన గదే అడిగిండు, నీ మీదొట్టు, గదే ప్రశ్న. చేపలు మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయ్, మీటరు మంచిగుంది, నువ్వేం జేస్తవ్ అని. నాకు నవ్వొచ్చింది. నువ్వు జెప్పినట్టే చెప్పిన, ఒక్క ముక్క గూడ ఇడిసిపెట్టలే. ముగ్గురు ఒకల మొకం ఒకలు సూసుకున్నరు. గంత గట్టిగ ఎవ్వలు చెప్పి ఉండరు. పెద్దాయన ఇంకేం అడగలే, పైల్ మూసి చెయ్యి గలిపిండు. ఈ ఉద్యోగం వస్తదక్కా. అంతా నీ పుణ్యమే."